ఆల్టర్నేటర్ మీద ఒక పాఠం

ఫిజిక్సు మాస్టారికి భార్య డ్రైవింగ్ నేర్చుకోవడం ఇష్టమే. అది పూర్తవడమే ఇష్టం లేదు.

వంశంలో మొట్టమొదట కారు కొన్నది ఆయనే. స్టీరింగు పట్టుకుంటే వీధిలో నలుగురూ ఆయనకు తప్పుకుంటారు. ఇంట్లోనేమో ఆయనే నలుగురికీ తప్పుకోవాలి. లైసెన్సు వచ్చిందంటే ఆ ఉన్న ఒక్క సింహాసనమూ ఆవిడ పాలవుతుందని దిగులు. టెస్టు ఆ రోజే, మధ్యాహ్నం మూడింటికి, సొంత కారులో. అది తప్పితే మళ్లీ రెండు నెలలదాకా తేదీ లేదు.

సరిగ్గా ఆ పొద్దున్నే కారు ఆల్టర్నేటర్ చచ్చింది. బ్యాటరీకి కరెంటు ఎక్కించేది అదే. కొత్తది తెస్తే గంటలో బిగిస్తానన్నాడు మెకానిక్. మాస్టారు కొత్తది తెచ్చుకున్నారు, మెకానిక్‌ను మాత్రం వద్దన్నారు.

"నేనే బిగిస్తానోయ్. ఇరవయ్యేళ్లుగా విద్యుత్తు పాఠం చెబుతున్నాను."

"చెబుతున్నారు. ఇంట్లో ఫ్యూజు మాత్రం నేనే వేస్తున్నాను" అంది భార్య.

"చిన్న పని కదా అని నీకు వదిలేశాను."

"మూడింటికల్లా అవుతుందా మరి?"

"నా మీద నమ్మకం లేదా?"

"మీ సంగతి తెలుసు కాబట్టే అడుగుతున్నా."

ఆయన పథకం చాలా చిన్నది. విప్పేటప్పుడు ఒక బోల్టు మాయం చెయ్యాలి, నాలుగింటికి దొరికించుకోవాలి. అంతే.

కానీ మాస్టారికి ఒక జబ్బుంది. ఎదురుగా మనిషి నిలబడితే పాఠం చెప్పకుండా ఉండలేరు. టార్చిలైటు పట్టుకోమని ఆవిడను పిలిచారు. క్లాసు మొదలైపోయింది.

"ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదియ్యాలి. ఎందుకు?"

"మీరు మాడిపోకుండా."

"భాష బాగాలేదు గానీ జవాబు కరెక్టే. సగం మార్కులు."

వేలితో నొక్కితే బెల్టు అర అంగుళమే దిగాలని చెప్పి, ఆవిడ బొటనవేలు పట్టుకుని మరీ నొక్కించారు. బెల్టు ఏ చక్రం మీదుగా ఎటు తిరుగుతుందో వాకిట్లో సుద్దముక్కతో బొమ్మ గీశారు. వైర్లకు చీటీలు కట్టారు. పొడుగు బోల్టు కింద, పొట్టి బోల్టు పైన అని మూడుసార్లు అనిపించారు. ఆవిడ బుద్ధిగా అంది.

పాత ఆల్టర్నేటర్ మర్యాదగా రాలేదు. మాస్టారు బంపరుకు కాలు తన్నిపెట్టి గట్టిగా లాగితే, అదీ ఆయనా కలిసి వెళ్లి పూలకుండీలో పడ్డారు.

"దీనికి ఎన్ని మార్కులండీ?" అంది ఆవిడ.

ఆ హడావిడిలో పొడుగు బోల్టు ఆయన చొక్కా జేబులోకి జారింది. జారింది అనడం మర్యాద కోసం.

"అయ్యో, పొడుగు బోల్టేదోయ్?"

కారు కింద వెతికారు, కుండీ మట్టిలో వెతికారు, ఆవిడ కొప్పులో కూడా వెతికారు.

"లాభం లేదు. షాపుకెళ్లి కొత్తది పట్టుకొస్తా."

గ్రీజు చొక్కా విప్పి దండెం మీద పడేశారు. ఉతికింది తొడుక్కుని, ముఖం దిగాలుగా పెట్టుకుని బయల్దేరారు. బోల్టుల షాపు కుడివైపు ఉంటుంది. మాస్టారు ఎడమవైపు తిరిగి, టీ బడ్డీలో కూర్చుని మూడు టీలు తాగారు.

రెండున్నరకి ఇంటి మలుపు తిరిగేసరికి ఇంజను చప్పుడు. మోచేతులదాకా నల్లబడ్డ చేతులతో ఆవిడ బానెట్ మూస్తోంది.

"మెకానిక్ వచ్చాడా?"

"ఎందుకు? మీరు చెప్పారు, నేను బిగించాను. పొడుగు కింద, పొట్టి పైన. బెల్టు అర అంగుళం. నెగటివ్ తీగ ఆఖర్న. స్టీరింగు ముందు బ్యాటరీ ఎర్ర దీపం కూడా ఆరిపోయింది, చూసుకోండి."

"మరి... బోల్టు?"

"చొక్కా నానబెడదామని జేబు తడిమాను. పెళ్లయిన కొత్తలో మీ పెన్ను నా తెల్లచీరను నీలం చేసిందే, అప్పట్నుంచీ మీ జేబులు చూడకుండా నేను నీళ్లలో వెయ్యను."

"జేబులోనే ఉందా! చూశావా నా మతిమరుపు!"

"చూశాను. ఎక్కండి. లైసెన్సున్న మనిషి పక్కన లేకుండా నేను నడపకూడదట."

టెస్టు చేసే ఇన్‌స్పెక్టరు ఆవిడ చేతుల వంక అనుమానంగా చూశాడు. "ఏంటమ్మా ఆ గ్రీజు?"

"ఇంట్లోనే ఆల్టర్నేటర్ మార్చానండీ. మా ఆయనే దగ్గరుండి నేర్పారు."

ఇన్‌స్పెక్టరు మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీలాంటివాళ్లు కావాలి సార్! ఇక్కడికొచ్చే ఆడవాళ్లకు ప్రతి ఆదివారం ఒక క్లాసు చెప్పరాదూ?"

మాస్టారు నోరు తెరిచేలోపే, "తప్పకుండా చెబుతారండీ" అంది ఆవిడ. ఆ తర్వాత కారును ఎనిమిది అంకెలా ఒక్క చోటా ఆగకుండా తిప్పి, పాసై వచ్చింది.

తిరుగుదారిలోనూ మాస్టారికి పక్క సీటే దక్కింది. చివరికి నసిగారు. "ఆదివారం క్లాసంటే... కారు నాకు కావాలి కదోయ్."

"ఆదివారం నేను మా అక్కయ్య ఇంటికి వెళ్తానండీ" అంది ఆవిడ గేరు మారుస్తూ. "వెళ్తూ వెళ్తూ మిమ్మల్ని క్లాసు దగ్గర దింపుతాను. టైముకి తయారై ఉండండి."