రోస్విత పడవెక్కిన రోజు

అతిథుల బల్ల మీద పళ్ళెం పెట్టి, రుమాలు కోణంగా మడిచి, రోస్విత రోజూ లాగే మొదలుపెట్టింది.

"ముందు పదింటి పడవలో సరస్సు చుట్టి రండి. చర్చి మలుపు దగ్గర ఫొటో మాత్రం మానకండి. మబ్బు లేకపోతే రోప్‌వేలో కొండెక్కండి. పైన హోటల్లో ఆపిల్ స్ట్రూడెల్ మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, ముందే తినేయండి."

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఒడ్డున పెద్ద హోటల్ కట్టాక ఆమె ఇంటి అద్దె గదులకు మనుషులు రావడం తగ్గుతూ వచ్చి, ఈ వేసవిలో పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు అక్టోబరు కూడా చివరికొచ్చింది. భర్త పోయాక ఆమె మాట వినేవాళ్ళు ఆ అతిథులే. వాళ్ళు రాకపోయినా చెప్పడం ఆమెకు మానబుద్ధి కాలేదు. ఆ పొద్దున తన మాటలు తన చెవినే పడి, బాగానే ఉందే అనిపించింది. ఇన్నేళ్ళూ అందరినీ పంపింది కానీ తను ఒక్కసారీ వెళ్ళలేదు. కోటు తొడుక్కుని బయల్దేరింది.

ఆ ఊరివాళ్ళు యాత్రికుల పడవ ఎక్కరు. సరస్సు రోజూ వాకిట్లో కనిపించేదే, టికెట్టు కొని చూడడమేమిటని వాళ్ళ ఉద్దేశం. చివరిసారి ఎక్కిన ఊరి మనిషి బేకరీ ఎగీద్. ఆ వారంలోనే దుకాణం అమ్మేసి లింజ్ నగరానికి వెళ్ళిపోయాడు. అంతకుముందు ఎక్కిన పోస్టాఫీసు హెడ్విగ్ కూడా అంతే.

కాబట్టి రేవులో ఆమెను చూడగానే పడవ నడిపే వెండెలిన్ ముఖం మారింది.

"ఎవరైనా చుట్టాలొచ్చారా రోస్వితా?"

"ఎవరూ రాలేదు. నేనే ఎక్కుతున్నా."

"నువ్వా!"

"ఏం, నేనెక్కితే మునుగుతుందా?"

వెండెలిన్ నవ్వలేదు. టికెట్టు డబ్బులూ తీసుకోలేదు. పడవలో ఆమె తప్ప ఎవరూ లేరు. చర్చి మలుపు రాగానే ఆమె ఫోన్ అతని చేతికిచ్చింది.

"ఒక ఫొటో తియ్యి."

"ఎవరికి పంపుతావ్?"

అతిథులకు చెప్పేటప్పుడు ఆ సంగతి ఆమెకు తట్టలేదు. "ఎవరికీ కాదు. నా దగ్గరే ఉంచుకుంటాను," అంది. వెండెలిన్ ఫొటో తీసి, అటు తిరిగి, గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

ఆమె దిగగానే అతను కొండ మీద హోటల్ నడిపే చెల్లెలు గిసెలాకు ఫోన్ చేశాడు. రోప్‌వే పైకి చేరేసరికి గిసెలా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రా రా, ఈ కిటికీ దగ్గర కూర్చో. ఇక్కణ్ణుంచి మీ ఇల్లు కూడా కనిపిస్తుంది."

కనిపించింది. ఒడ్డున అన్ని పొగగొట్టాల నుంచీ పొగ వస్తోంది, ఒక్కదాన్నుంచి తప్ప. "ఎంత చిన్నగా ఉందో! అయినా ఒక్కదానికి అదీ ఎక్కువే," అంది రోస్విత.

"అవునులే. అపార్ట్‌మెంటయితే తుడిచే బాధ ఉండదు."

గిసెలా తన మోకాళ్ళ గురించి చెబుతోందనుకుని రోస్విత తలాడించింది. గిసెలా స్ట్రూడెల్ మీద మీగడ రెండోసారి కూడా వేసింది. ఆ చేతికి అది అలవాటు లేని పని.

"మా బాల్కనీలో ఎండ బాగా పడుతుంది రోస్వితా. నీ జెరేనియం పూల తొట్లు అక్కడ హాయిగా ఉంటాయి."

"ఉంటాయేమో," అంది రోస్విత మర్యాదకు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి లియోపోల్డ్ ఆమె పడవల కొట్టాన్ని అడుగులతో కొలుస్తున్నాడు. వాళ్ళ చెర్రీచెట్టు ఆకులు ఇటు రాలుతున్నాయని ఆమె ఒకసారి అన్నప్పటి నుంచి ఆ మనిషి నమస్కారం తప్ప ఇంకో మాట మాట్లాడింది లేదు.

"తలుపు బిగుసుకుపోయింది. నూనె వేశా," అన్నాడు.

"అది మా ఆయన ఉన్నప్పటి నుంచీ బిగుసుకునే ఉంది."

"అలాగా? ఇవాళే చూశా," అంటూ అతను కప్పుకేసి చూశాడు.

దీపాలు పెట్టే వేళకు జనం రావడం మొదలైంది. ఒకరు పొగబెట్టిన చేపలు, ఒకరు వాల్‌నట్ కేకు, చర్చి పాటల బృందం వాళ్ళు ప్లమ్ పళ్ళ సారా తెచ్చారు. రోస్విత కేలండర్ చూసుకుంది. పుట్టినరోజు కాదు. అయినా పుట్టినరోజుకు మాత్రం ఇంతమంది ఎప్పుడొచ్చారు గనక! అద్దె గదుల్లో కుర్చీలు కూడా తెచ్చి వేసింది. చివరగా వచ్చిన వెండెలిన్‌కు కట్టెల పెట్టె మిగిలింది.

అందరూ ఆమె పూలపూల కప్పులను పైకెత్తి అడుగున కంపెనీ ముద్ర చూసుకుంటూ కాఫీ తాగుతున్నారు. గిసెలా ఉండబట్టలేకపోయింది.

"ఇంతకీ లింజ్‌లో ఎన్నో అంతస్తు?"

టికెట్టు, మీగడ, నూనె, జెరేనియంలు, అన్నీ ఒక్కసారిగా రోస్వితకు అర్థమయ్యాయి.

"నేనెక్కడికీ..." అని మొదలుపెట్టి ఆగింది.

కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టింది. కొక్కేలకు కోట్ల మీద కోట్లు వేలాడుతున్నాయి. మాట పూర్తిచేస్తే ముందుగా కదిలేవి ఆ కోట్లే.

"ఇంకా ఏదీ తేలలేదు," అంది.

"ఎప్పుడు తేలుతుంది?" లియోపోల్డ్ ముందుకు వంగాడు.

"వచ్చే గురువారం రండి. మాట్లాడుకుందాం."

అందరూ వెళ్ళాక వెండెలిన్ ఒక్కడూ ఉండిపోయి కప్పులు తుడుస్తున్నాడు. వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూసి, తడి మిగిలినవి రోస్విత మళ్ళీ తుడుస్తోంది.

"నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు కదా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"పెరట్లో చూశా. వెళ్ళిపోయే మనిషి చూరు దాకా కట్టెలు పేర్చుకోదు."

"ఊరంతా చాటింది నువ్వేగా! మరి ఇందాక వాళ్ళతో ఈ మాట అనలేదేం?"

వెండెలిన్ కప్పును వెలుతురుకు ఎత్తి చూశాడు. "నవంబరులో పడవ ఆపేస్తారు. గురువారాలు నాకూ ఏం తోచదు."

మంచు పడింది, కరిగింది. పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయి. లియోపోల్డ్ కొట్టానికి రంగు వేసి పెట్టాడు, గిసెలా జెరేనియంలకు ఎరువు తెచ్చి వేస్తోంది. గురువారం వచ్చిందంటే రోస్విత ఇంట్లో కుర్చీలు చాలడం లేదు.

లింజ్‌లో ఎన్నో అంతస్తో మాత్రం ఇంకా తేలలేదు.