నీలం మూత బండి

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఆ రెండింటినీ కలిపి కారును కూడా కనిపెట్టింది. కానీ ఆ కారులో ఉన్నది ఏ రకం ఇంజనో కనిపెట్టే బాధ్యతను మాత్రం మచిలీపట్నంలో బైపాస్ పక్కనున్న ఒక సర్వీసు సెంటరుకు వదిలేసింది. నాగరికత అక్కడిదాకా వచ్చి ఆగింది. (ఆగినచోట ఏసీ ఉంది, తాగడానికి చల్లటి నీళ్ళున్నాయి, గోడమీద "కస్టమరే మాకు దేవుడు" అని రాసి ఉంది. దేవుణ్ణి గుళ్ళో ఎలా నిలబెట్టి ఉంచుతామో కస్టమర్నీ అక్కడ అలాగే నిలబెట్టి ఉంచుతారు.)

ఈ సంగతి తెలియకుండానే నూకరాజు కారు కొన్నాడు. అతనిది నాగాయలంక. మడ అడవుల్లో పట్టిన పీతలను వలవాళ్ళ దగ్గర కొని, డెక్కలకు తాడు కట్టి, తడి గోనెలు కప్పి, గుడివాడలో కోదండరామయ్య గారికి చేర్చడం అతని వ్యాపారం. కోదండరామయ్య గారు వాటిని పెట్టెల్లో సర్ది సాయంత్రం రైలుకు మద్రాసు పంపుతారు. ఈ వ్యాపారానికి ఉన్న నియమం ఒక్కటే, కాటా ఎక్కేటప్పటికి పీత బతికి ఉండాలి. బతికిన పీత విమానమెక్కి విదేశాలకు వెళ్తుంది. చచ్చిన పీతను పిల్లి కూడా ఆలోచించుకుని ముట్టుకుంటుంది.

బస్సులో తీసుకెళ్ళినంత కాలం నూకరాజు పీతలు అవనిగడ్డ దాకా హుషారుగానూ, చల్లపల్లి దాకా నీరసంగానూ, పామర్రు దాటాక నిశ్శబ్దంగానూ ప్రయాణం చేసేవి. అందుకని గుడివాడలో ఒక డాక్టరు గారు వాడి వదిలేసిన చిన్న డీజిల్ కారు కొన్నాడు. వెనక సీటు పీకించి బుట్టలు పెట్టుకున్నాడు. కారు వెనకాల "టర్బో" అని వెండిరంగు అక్షరాలున్నాయి. ఆ అక్షరాల మహిమో, లోపలున్న యంత్రం మహిమో తెలియదు గానీ, పీతలు గుడివాడలో దిగేసరికి ఇంకా కోపంగానే ఉండేవి. కోపంగా ఉన్న పీతను చూస్తే కోదండరామయ్య గారికి ఎంతో ఆనందం. అలా రెండేళ్ళు నూకరాజు సుఖపడ్డాడు.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు కాబట్టి, ఇంటికి ఏ ఇనుప వస్తువు వచ్చినా దానికి పసుపు కుంకుమ పెట్టి, పడవకు వేయగా మిగిలిన రంగు ఒక పూత పూస్తారు. నూకరాజు అన్నదమ్ముల పడవ నీలం. అందుచేత సైకిలు నీలం, బోరింగు పంపు నీలం, కుట్టుమిషను నీలం, ఇస్త్రీపెట్టె నీలం. (ఇస్త్రీపెట్టె మొదటిసారి వాడినప్పుడు నూకరాజు పెళ్ళిచొక్కా కూడా నీలమైంది.) కారు ఇంటికొచ్చిన రోజున అతని భార్య సౌభాగ్యమ్మ బానెట్ ఎత్తించి ఇంజనుకు బొట్టు పెట్టి, అనుమానంగా చూసింది.

"పైనంతా కంపెనీ వాళ్ళే ఏశారు. లోపలంతా బోసిగా ఉంది మావా. గాలికి తినేయదూ?"

నూకరాజు బ్రష్షు అందుకున్నాడు. ఇంజను మీది మూత, దాని పక్కనున్న చిన్న రేకు, గొట్టాలు, చెయ్యి పట్టినంత మేరా అన్నిటినీ నీలం చేశాడు. జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు కూడా.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ఒకరోజు, పులిగడ్డ అక్విడెక్టు ఎక్కుతుండగా ఆ కారు వేగం అందుకునేటప్పుడు వేసే ఈల మానేసింది. నల్లటి పొగ వదిలి ఎడ్లబండి వేగానికి దిగింది. గడ్డి వేసుకెళ్తున్న ట్రాక్టరు దాటిపోయింది. తర్వాత సైకిలు మీద పాలవాడు దాటిపోతూ "తోయమంటావా బావా?" అని మర్యాదగానే అడిగాడు. ఆ రోజు గుడివాడలో దిగిన పీతల్లో సగం పైగా కాటా ఎక్కలేదు.

కోదండరామయ్య గారు కోప్పడే మనిషి కాదు. "నూకరాజూ, నువ్వు మంచోడివే. కానీ మద్రాసు వాళ్ళకి నీ మంచితనం పెట్టెలో పెట్టి పంపలేను కదా. ఇంకోసారి ఇలా జరిగితే మీ ఊరి సరుకు నాగబాబు చేత తెప్పించుకుంటా. వాడు కొత్త వ్యాను కొన్నాడు" అన్నారు. నూకరాజుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అతనికి వచ్చిన పని అదొక్కటే.

పడవ ఇంజన్లు బాగుచేసే అంకమ్మరావు బానెట్ కింద తలపెట్టి చూసి, "టర్బో పోయింది. కొత్తది పట్రా, బిగిస్తా" అన్నాడు. టర్బో అంటే నత్తగుల్ల ఆకారంలో ఉండే ఇనుప సామాను. (బండికి వేగాన్నిచ్చే వస్తువును నత్త ఆకారంలో ఎందుకు చేశారో కంపెనీ ఎక్కడా వివరించలేదు.) అది కంపెనీ సర్వీసు సెంటర్లో తప్ప దొరకదు, బండికి గ్యారంటీ ఇంకా మిగిలుంది కాబట్టి వాళ్ళు ఊరికే ఇవ్వాలి కూడా. నూకరాజు పొగ వదులుకుంటూ బందరు చేరాడు.

సర్వీసు సెంటర్లో అతన్ని చూసుకునే బాధ్యత ధనుంజయ్ అనే కుర్రవాడిది. మే నెలలో కూడా టై కట్టుకుంటాడు. మనిషి చాలా మర్యాదస్తుడు, ఇంతవరకూ ఏ కస్టమరు మీదా గొంతు పెంచలేదు, ఏ కస్టమరు పనీ చేయలేదు.

"టర్బో కావాలి బాబూ."

"ఏ రకమండి?"

"కారు టర్బో."

ధనుంజయ్ జాలిగా నవ్వి వివరించాడు. ఈ కారుకు టర్బో రెండు రకాలు. మొదటి రకం గట్టిగా ఊదుతుంది, రెండో రకం ఇంకా గట్టిగా ఊదుతుంది. మొదటి రకం కొన్నవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని కంపెనీ రెండింటి వెనకాలా "టర్బో" అని ఒకే అక్షరాలు అంటించింది. కంపెనీలో వాళ్ళకు తెలియాలి కాబట్టి ఇంజను మీది మూతకు రంగు తేడా పెట్టింది. ఎర్ర మూత మొదటి రకం, బూడిదరంగు మూత రెండో రకం. మూత పోయినా భయం లేదు, పక్కనే రేకు మీద అంకె ఉంటుంది. ఇంత పకడ్బందీ ఏర్పాటు మరే దేశంలోనూ లేదని చెబుతూ ధనుంజయ్ బానెట్ ఎత్తాడు. ఎత్తి, మూతనీ రేకునీ మార్చి మార్చి చూశాడు.

"నీలం మూత మాకు లేదండి."

"అది మా పడవ రంగు బాబూ. గీకితే కింద ఏ రంగుందో తెలిసిపోద్ది."

"గీకకూడదండి. గుర్తింపు మూతని కస్టమరు గీకితే ఆ బండి ఇంక కంపెనీది కాదండి."

"పోనీ మీరు గీకండి."

"కంపెనీ వేసిన రంగయితే మేం ముట్టుకోవచ్చండి. ఇది బయటి రంగు."

"పోనీ ఆ నత్త ఊడదీసి చూడండి."

"రెండు రకాలకీ పానాలు వేరండి. ఏ పానా పెట్టాలో తెలియాలంటే ముందు ఏ రకమో తెలియాలి."

నూకరాజు ఆలోచించాడు. "అయితే రెండు రకాలూ తెప్పించండి. ఏది సరిపోతే అది బిగిద్దాం."

ధనుంజయ్ ముఖంలో మొదటిసారి బాధ కనిపించింది. "సరిపోయింది బిగిస్తే అది గుర్తించడం అవదండి. ప్రయత్నించడం అవుతుంది. మేం ప్రయత్నించం."

కస్టమరు మరీ దిగాలుపడటం చూసి, ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు కంప్యూటర్లో కొట్టాడు. కంప్యూటరు కాసేపు గింగిరాలు తిరిగి "మొదటి రకం లేదా రెండో రకం" అని తేల్చింది. దీంతో మూడో రకం కాదని రుజువైందనీ, ఇది మంచి పరిణామమనీ ధనుంజయ్ అభినందించాడు. ఆపైన ఉచిత ఫోన్ నంబరు ఒకటి ఇచ్చాడు. నూకరాజు ఇంటికి పోయి ఆ నంబరుకు చేశాడు. హిందీ, ఇంగ్లీషు, కొంత సంగీతం అయ్యాక ఒక తెలుగమ్మాయి పలికింది.

"మా కారు ఏ రకమో తెలియాలమ్మా."

"తప్పకుండా సార్. మీకు సహాయం చేయడానికి, ముందుగా మీ కారు ఏ రకమో చెప్తారా?"

ఇలాంటి చిక్కుల కోసమే కంపెనీ విజయవాడలో ఒక అధికారిని పోషిస్తోంది. ప్రాంతీయ వాహన స్వరూప నిర్ధారణాధికారి వెంకటపతి గారు. ఆయన ఎప్పుడు వస్తారో ఆయనకు తప్ప తెలియదు. (ఆయనకు కూడా బయల్దేరాకే తెలుస్తుందని సిబ్బంది అనుకుంటారు.) ఒకనాటి పొద్దున్నే నూకరాజుకు ధనుంజయ్ ఫోన్ చేశాడు. "ఈరోజు వస్తున్నారండి. వెంటనే వచ్చెయ్యండి. ఇవాళ తప్పితే మళ్ళీ దసరాకేనండి."

అప్పటికే బుట్టలు కారెక్కి ఉన్నాయి. నెమ్మదిగా నడిచే బండి కదా అని నూకరాజు ఆ రోజుల్లో చీకటితోనే సర్దుకుని బయల్దేరుతున్నాడు. అలా అయితేనే కాస్త ప్రాణంతో చేరుతున్నాయి.

"దించేసి ఎల్లు మావా," అంది సౌభాగ్యమ్మ.

"దించితే సాయంత్రం రైలు తప్పుద్ది. పొద్దున్నే అయిపోద్దన్నారు. అటు నుంచటే గుడివాడ పోతాను."

వెంకటపతి గారు మధ్యాహ్నానికి వచ్చారు. వచ్చి భోంచేశారు. తర్వాత మూడు పరీక్షలు జరిపారు. మొదట కళ్ళు మూసుకుని ఇంజను శబ్దం విని, "ఊఁ" అన్నారు. తర్వాత బానెట్ దగ్గర గాలి పీల్చి, బండికి సముద్ర సంబంధం ఉందని చెప్పారు. ధనుంజయ్ దాన్ని వెంటనే రాసుకున్నాడు. మూడోది రోడ్డు పరీక్ష. రోడ్డు తిన్నగా ఉంటుందని మంగినపూడి వైపు పోనిచ్చారు. ఆయన స్టీరింగు దగ్గర, ధనుంజయ్ పక్కన, నూకరాజు వెనకాల బుట్టల మధ్య. కారు పొగ వదులుకుంటూ, ఆటోలకు దారి ఇచ్చుకుంటూ బీచి చేరింది. బీచి దాకా వచ్చి సముద్రం చూడకుండా పోవడం బాగుండదని వెంకటపతి గారు దిగారు. కొబ్బరిబోండం తాగారు. లేతది దొరకలేదని ఇంకొకటి కొట్టించారు.

నూకరాజు దిగలేదు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు గోనెల మీద చిలకరిస్తూ కూర్చున్నాడు. నీళ్ళు అయిపోయాయి. పీతలు నోటి దగ్గర నురగ కట్టడం మొదలెట్టాయి, కాసేపటికి అదీ ఆగింది. ఎదురుగా అంత సముద్రం ఉంది, అతని బుట్టల్లో చావు ఉంది. అతనికి ఏడుపొచ్చింది. "సార్, రైలు..." అని కిటికీలోంచి పిలిచాడు. పరీక్ష మధ్యలో మాట్లాడకూడదని ధనుంజయ్ సైగ చేశాడు.

సర్వీసు సెంటరుకు తిరిగొచ్చాక వెంకటపతి గారు చేతులు తుడుచుకుని తీర్పు చెప్పారు.

"ఈ బండికి టర్బో లేదు."

"లేకపోవడమేంటి సార్. పోయింది."

"ఉంటే కదయ్యా పోవడానికి. నేను నడిపాను. టర్బో ఉన్న బండి ఇలా నడవదు. కాబట్టి ఇది టర్బో లేని రకం. లేని దానికి కొత్తది ఎలా ఇస్తాం?"

"వెనకాల రాసుంది కద సార్."

"ఆటోల మీద జెట్ అని రాసుకుంటారు. ఎగురుతున్నాయా?"

నూకరాజు బానెట్ కింద వేలు పెట్టి చూపించాడు. "మరి ఈ నత్త ఏంటి సార్?"

వెంకటపతి గారు వంగి చూశారు. "కంపెనీకి చెప్పకుండా బయట పెట్టించిన సామాను. రంగు చూస్తే ఏ పడవదో అయ్యుంటుంది. తీయించెయ్. ప్రమాదం."

గుడివాడ చేరేసరికి రైలు కూత వేస్తోంది. కోదండరామయ్య గారు గోనె తొలగించి ఒక్కొక్క పీత కన్నునూ వేలితో తట్టారు. ప్రాణమున్న పీత కన్ను లోపలికి లాక్కుంటుంది. ఆ రోజు ఏ పీతా లాక్కోలేదు. దీనికి ఆయన విజయవాడ నుంచి ఎవరినీ పిలిపించలేదు.

"రేపట్నించి నాగబాబు తెస్తాడులే," అన్నారు మెల్లగా. "నువ్వు కాస్త మంచినీళ్ళు తాగు. మొహం అలా ఉందేంటి?"

కారు అమ్మేద్దామంటే కొనేవాడు దొరకలేదు. టర్బో అని రాసి ఉండి, టర్బో లేదని కంపెనీ కాగితమిచ్చిన బండిని ఎవరు మాత్రం కొంటారు. చివరికి ఆ సర్వీసు సెంటరు వాళ్ళే దయతలచి పాత బండ్ల మేళాలో తీసుకున్నారు. టర్బో లేని రకానికి ఇచ్చే ధర కట్టి, అందులోంచి పడవ సామాను తీయించే ఖర్చు మినహాయించారు. నూకరాజు లెక్క చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఇప్పుడతను నాగబాబు దగ్గర పీతల డెక్కలు కడుతున్నాడు. తన సరుకుకు కట్టినప్పటి కంటే గట్టిగానే కడతాడు. నాగబాబు మంచివాడు, నూకరాజుని అందరి ముందూ బావా అనే పిలుస్తాడు, అది నూకరాజుకు ఇంకా కష్టంగా ఉంటుంది.

వానలు పడ్డాక తాడు కొనడానికి బందరు వెళ్ళి, బస్సులోంచి ఆ కారు చూశాడు. సర్వీసు సెంటరు ముందు షామియానా కింద, మామిడాకుల తోరణంతో ఉంది. దిగి వెనక్కి నడిచి వెళ్ళాడు. బానెట్ ఎత్తే ఉంది. ఎవరో నీలమంతా గీకి, గుడ్డపెట్టి శుభ్రంగా తుడిచారు, మూత తళతళలాడుతున్న బూడిదరంగులో ఉంది, ఒక్క మూలన మాత్రం గోరంత నీలం మిగిలింది. నత్త కొత్తది. అద్దం మీద అట్ట అంటించి ఉంది: "టర్బో. రెండో రకం. డాక్టరు గారు వాడిన బండి. కంపెనీ గ్యారంటీ."

ధనుంజయ్ గుర్తుపట్టి కుర్చీ వేశాడు. నూకరాజు కూర్చోలేదు.

"అప్పుడు లేదన్నారు కద బాబూ. ఇప్పుడెక్కడి నుంచొచ్చింది?"

ధనుంజయ్ ఎప్పటిలాగే గొంతు పెంచలేదు.

"అప్పుడు మీరడిగింది మేం ఇవ్వాల్సిన టర్బో అండి. ఇది మేం అమ్ముకునే టర్బో."