గడువు తీరిన కళ్లు

బాయిలర్‌కు పగులు రావడమే ప్రమాదమని ఇంతకాలం అనుకున్నాను. ఎంత అమాయకురాలిని! ఆ పగులును కాగితం లేని కళ్లతో చూడడం అంతకంటే పెద్ద ప్రమాదం. ఈ జ్ఞానం నాకు ఆడిట్ వల్ల కలిగింది. కాబట్టి ఆడిట్లు దండగ అనే పెద్దమనుషులు కాస్త ఇటు వచ్చి కూర్చోండి.

నేను పుట్టు భయస్తురాలిని. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్తున్నా వాకిట్లో నిలబడి, దారి మలుపు తిరిగేదాకా చూస్తాను. "పోతున్న" అన్నవాళ్లను వెనక్కి పిలిచి "పోయొస్త" అనిపించి పంపుతాను. మా ఆయన ఒకనాడు తొందరలో "పోతున్న" అన్నాడు. నేను పిలిచేలోపే మలుపు తిరిగాడు. ఆ మలుపు వైపు నుంచి ఎంతమందో వచ్చారు, ఆయన తప్ప.

అలాంటిదాన్ని, నా కొడుకు భాస్కర్‌కు దొరికిన ఉద్యోగం చూడండి! కొడకండ్ల శివారులో ఒక బియ్యం మిల్లు. అక్కడ ఊక మండించి నీళ్లను ఆవిరి చేస్తారు. ఆ ఆవిరితో వడ్లు ఉడికించి ఉప్పుడు బియ్యం తీస్తారు. అంత ఆవిరినీ ఒక ఇనుప పీపాలో బంధించి, దాని పక్కన నా కొడుకును నిలబెట్టారు. నిద్ర ఎలా పడుతుంది?

కానీ ఇప్పుడు పడుతోంది! అదే చెప్పబోతున్నాను.

భాస్కర్ బిడ్డ సుష్మిత డిప్లొమా చదివి, నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ చేసే కంపెనీలో చేరింది. ఆ పేరుకు నోరు తిరగదు గాని సంగతి తేలికే. ఇనుమును కోయకుండా, విరగ్గొట్టకుండా లోపలి పగుళ్లు కనిపెట్టడం. గర్భిణికి స్కానింగ్ చేసినట్టే జెల్లు రాస్తారు, యంత్రం ఆనిస్తారు, తెర మీద చూస్తారు. భూపాలపల్లి వైపు, మహబూబాబాద్ వైపు ఎన్నో బాయిలర్లు చూసిన పిల్లను ఈసారి కంపెనీ మా మిల్లుకే పంపింది. పరీక్ష కోసం బాయిలర్‌ను చల్లార్చి పెట్టారు. కింది అతుకు దగ్గర యంత్రం ఆనించిన పిల్ల అక్కడే ఆగిపోయింది. తుడిచి మళ్లీ ఆనించింది. ఈసారి తెర వంక కాదు, వాళ్ల నాన్న వంక చూసింది.

"బాపూ, ఈ అతుకుల పగులున్నది. బాగుచేసేదాక నిప్పు పెట్టొద్దు."

మిల్లు సేటు జగన్మోహన్ పక్కనే ఉన్నాడు. "సీజన్ల ఆపుమంటే ఎట్ల బిడ్డా? రేపు ఆడిట్ సారు వస్తడు, ఆయన చెప్తడు తియ్" అన్నాడు.

సేటు అశ్రద్ధ చేశాడనుకునేరు! పాపం, వెంటనే మనుషులను పిలిపించి, బాయిలర్ మొత్తానికి వెండి రంగు వేయించాడు. మా వాడకట్టులో ఏ ఇంటి బీరువా కూడా అంత మెరవదు. పగులుకు ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు?

మర్నాడు ఆడిటర్ చంద్రమోహన్ సారు వచ్చాడు. పరీక్షలు సరిగా జరుగుతున్నాయా, పరీక్ష చేసేవాళ్లకు అర్హత ఉందా అని పరీక్షించడం ఆయన పని. భాస్కర్‌కు అన్నం డబ్బా తీసుకుపోయిన నేను ఆఫీసు గుమ్మం పక్కన కూర్చుని అంతా విన్నాను. సుష్మిత చదువు సరిపోయింది. శిక్షణ సరిపోయింది. కళ్ల దగ్గరే ఆగింది. ఈ పని చేసేవాళ్లు ఏటా కంటి పరీక్ష చేయించుకుని కాగితం చూపాలట.

"ఇది గడువు తీరింది గదమ్మా" అన్నాడు సారు.

"పోయిన వారమే సార్. పొద్దున్నే జనగామ పోయి చేయించుకుంట. కండ్లయితే మంచిగున్నయి."

"మంచిగున్నయని ఎవరన్నరు?"

"నాకు కనబడ్తున్నది గద సార్!"

"నీ కండ్ల గురించి నువ్వే చెప్పుకుంటే ఎట్ల చెల్లుతది?"

ఎంత నికార్సైన మాట! కళ్ల గడువు తీరింది కాబట్టి పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లదు కాబట్టి పగులు చెల్లదు. వెల్డర్లకు, యంత్రాలకు సాధ్యంకాని పనిని సారు ఒక్క పెన్నుతో చేశాడు. బాయిలర్‌ను ముట్టుకోకుండానే అతుకు అతికించాడు. విరగ్గొట్టకుండా చేసే పరీక్ష అంటే ఇదీ!

అంతటితో ఆగలేదు. "పైగా ఈ బాయిలర్ నడిపేది మీ నాయినేనట. తండ్రి మంచిగుండాలె అనుకునే బిడ్డ నిష్పక్షపాతంగ ఎట్లుంటది?" అన్నాడు.

నిజమే కదా! బాయిలర్ పక్కన నిలబడేవాడు బతకాలని కోరుకునేవాళ్లు పరీక్ష చేస్తే, బాయిలర్‌కు అన్యాయం జరగదూ? అర్హత ఉన్న మనిషితో మళ్లీ చేయించమని రాసి, ఇంకా రెండు రోజులు ఇక్కడే ఉంటానన్నాడు సారు.

మర్నాడు పొద్దున్నే సుష్మితతో జనగామ పోయాను. పిల్ల కంటి దవాఖానలో వరుసలో ఉండగా నేను ముందుగా తిరిగి బయల్దేరాను. బస్టాండులో ఒకాయన మహబూబాబాద్ బస్సు మెట్టు మీద కాలు పెట్టి, నా వైపు తిరిగాడు.

"అవ్వా, ఇది కొడకండ్లదేనా?"

"బోర్డు మీద అంత పెద్దగ రాసి ఉన్నది గద నాయినా!"

"అద్దాలు ఇంట్ల మర్చిపోయిన. జర చదువు."

నేను బడి మొహం చూడలేదు. బియ్యం సంచుల మీది అక్షరాలు పట్టుకుని చదవడం నేర్చుకున్నదాన్ని. నా కళ్లకు కాగితం ఎవరిస్తారు? అయినా చదివాను. మహబూబాబాద్ పోబోతున్నవాణ్ని వెనక్కి లాగి కొడకండ్ల బస్సు ఎక్కించాను. దిగాక ఆయనా నాతోపాటే మిల్లు దారి పట్టాడు. అప్పుడు తెలిసింది, అర్హత ఉన్న ఆ మనిషి ఈయనే. పేరు వెంకట్రాం.

అద్దాలు మర్చిపోయాడు గాని సర్టిఫికెట్ మర్చిపోలేదు! ఎంత బాధ్యత! అందులో ఆయన కళ్లు దివ్యంగా ఉన్నాయి. గడువు కూడా బోలెడంత ఉంది. వెండి రంగు గీరితే అందం పాడవుతుందనుకున్నాడో ఏమో, దాని మీదే యంత్రం ఒకసారి తిప్పాడు. తెరను దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు. "అంత మంచిగనే ఉన్నది" అని సంతకం పెట్టాడు. సంతకం ఎక్కడ పెట్టాలో సేటు వేలు పెట్టి చూపించాడు. దాని కింద చంద్రమోహన్ సారు కూడా పెట్టాడు.

సాయంత్రానికి సుష్మిత కొత్త కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఇగో సేటూ, నా కండ్లకు కాగితమొచ్చింది. రంగు గీకుండ్రి, మళ్ల చూస్త."

"ఫైలు బందైంది బిడ్డా. వచ్చే ఏడు చూద్దువు తియ్" అన్నాడు సేటు. పగులుకు ఏడాదిపాటు కదలకుండా ఉండమని కబురు పంపాడో లేదో నాకు తెలియదు.

ఈ పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే, ఇంట్లో కూడా మొదలుపెట్టాను. పైకప్పు కారుతోందని మా కోడలు యాకమ్మ అంది. "చూసిన కండ్లకు కాగితమున్నదా?" అని అడిగాను. లేదంది. ఆ క్షణం నుంచి మా ఇల్లు కారడం లేదు. కింద పెట్టిన బకెట్ మాత్రం నిండుతోంది. పక్కింటివాళ్లు పాము పాము అని అరిచారు. పామును గుర్తించే శిక్షణ ఎవరికైనా ఉందా అంటే ఒక్కరికీ లేదు. కాబట్టి అది పాము కాదు. అది లోపలికి పోయింది, వాళ్లు బయట పడుకున్నారు. ఇలా దేశమంతా చేస్తే కష్టమన్నదే ఉండదు కదా!

ఇక సంతకాలు పడిన మర్నాటి పొద్దుటి సంగతి. బాయిలర్‌కు మళ్లీ నిప్పు పెట్టాలి. భాస్కర్ చెప్పులు వేసుకుంటుంటే యాకమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"బిడ్డ అంతగనం మొత్తుకుంటుంటె ఎట్ల పోతవ్?"

"నేను పోకుంటే ఇంకొకన్ని పెడ్తరు. ఆనికి ఇంట్ల అవ్వ లేదా, పెండ్లాం లేదా?" అన్నాడు. నా వైపు తిరిగి, నేను అడగకముందే, "పోయొస్తనే అవ్వా" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ఎప్పటిలా వాకిట్లో నిలబడబుద్ధి కాలేదు. పీట చంకన పెట్టుకుని వాడి వెనకే నడిచాను. ఎందుకంటారా? సంతకాలతో సహా సురక్షితమని రాసిచ్చిన చోటు మా ఊరు మొత్తంలో అదొక్కటే! మా ఇంటి గోడకు కూడా అలాంటి కాగితం లేదు. పైగా చలి.

భాస్కర్ నిప్పు అంటించాడు. మామూలుగా ఊక పోసే సారయ్య తట్ట ఎత్తాడు. నేను సరిగ్గా ఆ కింది అతుకు దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. "అవ్వా, నీకేమన్న పిచ్చా? లే!" అని నా కొడుకు రెక్క పట్టాడు. లేవలేదు. ఆఫీసు అరుగు మీద సేటు, చంద్రమోహన్ సారు చాయ్ తాగుతూ కనబడ్డారు.

"సార్లూ, చాయ్ ఈడికొచ్చి తాగుండ్రి. వెచ్చగున్నది!" అని కేకేశాను.

సేటు చాయ్ పారబోసుకుని పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు నా దాకా రాలేదు. ఊక కుప్ప అవతలే ఆగిపోయాడు.

"ఆడ కూసోకే అవ్వా! లే ముందు! ఏమన్నయితే ఎవలు జిమ్మేదారి?"

"ఏమైతది సేటూ? కాగితమున్నది గద!"

"కాగితం సంగతి అటుంచు! అది పగిలిందంటే నీ ఎముకలు గూడ..."

అక్కడ ఆగాడు. కాని ఆలస్యమైపోయింది. సారయ్య ఎత్తిన తట్ట కింద పెట్టేశాడు. భాస్కర్ సేటు మొహంలోకి ఒకసారి చూసి, ఎవరినీ అడగకుండా, పొయ్యిలోంచి నిప్పు బయటికి లాగడం మొదలుపెట్టాడు. ఎవరూ వద్దనలేదు.

నేను మాత్రం పద్ధతి తప్పలేదు. అరుగు మీది సారును అక్కడి నుంచే అడిగాను.

"సారూ, పగులు సేటుకు గూడ కనబడ్డదట. ఆయన కండ్లకు గడువున్నదా, జర చూడుండ్రి!"

చంద్రమోహన్ సారు చాయ్ కప్పు అరుగు మీద పెట్టాడు. బ్యాగులోంచి ఫైలు తీసి, ముందురోజు తాను సంతకం పెట్టిన పేజీ మీద అడ్డంగా గీత గీశాడు. మధ్యాహ్నానికి బాయిలర్ ముట్టుకోగలిగేంత చల్లబడింది. సుష్మిత బ్లేడుతో వెండి రంగు గీకుతుంటే, సారు నా పక్కన వంగి చూశాడు. భాస్కర్ ఇంకా ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు. పోయొస్తనన్నవాడు రావడం నేను కళ్లారా చూశాను, కాగితం లేకపోయినా.

ఇప్పుడు నాకు నిద్ర ఎందుకు పడుతోందో తెలిసింది కదా! అయితే నేను చేసిన పరీక్షకు అర్హత లేదు, శిక్షణ లేదు, కన్న తల్లిని కాబట్టి నిష్పాక్షికత అసలే లేదు. ఆడిట్‌లో నా మీద తప్పు రాయవలసిందే. రాసుకోండి. నా పీట మాత్రం ఆ అతుకు దగ్గరే వదిలేసి వచ్చాను. ఇకమీదట సంతకం పెట్టే సార్లెవరైనా దాని మీద కూర్చునే పెట్టండి. నిప్పు బాగా రాజుకున్నాక.