హాజరు బిళ్ళ కట్టుకున్న బాతు

నేను ఎక్కువ మాట్లాడను. కలకత్తా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్లు సుత్తి పట్టాను. ఆ మోతలో ఏం మాట్లాడినా ఎవరికీ వినపడదు గనక మాట్లాడటం మానేశాను. రిటైరై సాంత్రాగాఛి ఝీలు అనే పెద్ద చెరువు పక్కన రెండు గదుల ఇల్లు వేసుకున్నాక కూడా నోరు తెరవడం అలవాటు కాలేదు. మా ఆవిడ కాసులమ్మకు ఆ ఇబ్బంది లేదు. ఇద్దరి వంతూ ఆవిడే మాట్లాడుతుంది.

మాకు ఆరు బాతులుండేవి. అయిదు గుడ్లు పెట్టేవి. ఆరోది పోతుబాతు. దాని పేరు ఫోర్‌మన్. పని చెయ్యదు, రొమ్ము విరుచుకుని పెరడంతా తనిఖీ చేస్తుంది. ఎందుకో నాకది నచ్చింది. పొద్దున్నే మెట్టు మీద కూర్చుంటే వచ్చి పక్కన నిలబడేది. దానితో కాస్త మాట్లాడేవాణ్ణి. ఎదురు చెప్పేది కాదు.

ఒక సోమవారం నెత్తిన పిడుగు పడింది.

"మావా, ఆదోరం ఖరగ్‌పూర్ నుంచి అల్లుడొత్తన్నాడు. పోతుబాతుని కోసేత్తాను."

"ఊఁ" అన్నాను.

"ఊఁ ఏటి? కొయ్యమనా, మానమనా?"

"ఊఁ."

"నోట్లో సిమెంటేటైనా పోసినారా?"

అరవయ్యో పడిలో ఉన్న మగాడు, బాతును కొయ్యొద్దని పెళ్లాన్ని ఏ మొహంతో బతిమాలతాడు? అందుకే బతిమాలలేదు. పథకం వేశాను.

చలి మొదలవగానే మా ఝీలుకి ఎక్కడెక్కడి పక్షులో దిగుతాయి. ఈలలు వేసుకుంటూ సరాలి బాతులు, వాటి వెనక సూదితోక బాతులు, వాటి వెనక దుర్భిణీలు మెడలో వేసుకున్న కలకత్తా బాబులు. వాళ్లలో పెద్ద మృత్యుంజయ బాబు. కిందటేడు ఆయనే నాకు చెప్పాడు. "దాదా, కాలికి శాస్త్రవేత్తలు వేసిన నంబరు కడియం ఉన్న పక్షి కనబడితే ఎవరూ ముట్టుకోకూడదు."

నాకు బాగా అర్థమైంది. వర్క్‌షాపులో నంబరున్న ఇత్తడి బిళ్ళ ఎవడి దగ్గరుంటే వాడు సర్కారు మనిషి. వాణ్ణి ఎవరూ కదపలేరు. పక్షులకూ అదే రూలన్నమాట.

నా పాత హాజరు బిళ్ళ ఒకటి ఇంట్లో ఉంది. పోయిందని చెప్పి కొత్తది తీసుకున్నాక పరుపు కింద దొరికింది. నంబరు నాలుగొందల పదిహేడు. శనివారం తెల్లారగానే దాన్ని ఫోర్‌మన్ కాలికి తీగతో కట్టాను. ఎవరూ పోల్చకుండా తెల్లటి తలకు నల్ల బూటు పాలిష్ పట్టించి, ఝీల్లో వదిలాను. ప్రమోషన్ వచ్చినవాడిలా ఈదుకుంటూ పోయింది.

"మావా! పోతు ఏదీ?"

"నక్క."

"నక్కా? అయిదింటిని ఒగ్గేసి, దీన్నే ఏరుకుని ఎత్తుకుపోనాదా?"

"ఊఁ."

కాసులమ్మ నా వేళ్ల వంక చూసింది. నల్లగా ఉన్నాయి. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నా కాపురంలో అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున్న ఝీలు గట్టు మీద ఒకటే గోల. పరిగెత్తాను. నా బాతు నీళ్ల మీది గుర్రపుడెక్క మొక్కల మీదెక్కి నిలబడి ఉంది. పది దుర్భిణీలు దాని మీదే ఉన్నాయి.

"నల్ల తల! తెల్ల ఒళ్లు! ఇంత లావు!" మృత్యుంజయ బాబు బొమ్మల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాడు. లేదు. చివరినుంచి మొదటికి తిప్పాడు. లేదు. మంకీ టోపీ తీసేశాడు. చలికాలంలో బెంగాలీ బాబు మంకీ టోపీ తీశాడంటే సామాన్యమైన సంగతి కాదు.

"కాలికి నంబరుంది! సైబీరియా నుంచి వచ్చుంటుంది!"

ఆ మాట పార్టీ ఆఫీసుకు చేరింది. అక్కడి నాయకుడు శ్యామసుందర్ దాదా పంచె ఎత్తి పట్టుకుని వచ్చాడు. "సైబీరియానా? సోవియట్ పక్షా? అయితే మన కామ్రేడే!"

అరగంటలో ఎర్రజెండా, మైకు, బంతిపూల దండ వచ్చాయి. మూడొందల మంది జనం. బాతుకు లాల్ సలాం చెప్పారు. బాతు తోక ఊపింది. చప్పట్లు.

"పడవ తెండి, పంజరం తెండి! కలకత్తా తీసుకెళ్లి పరీక్ష చేయించాలి" అన్నాడు మృత్యుంజయ బాబు.

కత్తిపీట తప్పిస్తే పంజరం వచ్చింది! నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు వెనకనుంచి బాతుల్ని మేతకు పిలిచే కేక వినపడింది. "చొయ్ చొయ్ చొయ్!"

కాసులమ్మ. చేతిలో తవుడు గిన్నె.

సోవియట్ అతిథి రెక్కలు కొట్టుకుంటూ, నీళ్లు చిమ్ముకుంటూ, ఒడ్డెక్కి జనం కాళ్ల సందుల్లోంచి వచ్చి గిన్నెలో తల పెట్టింది. కాసులమ్మ కొంగుతో ఆ తల తుడిచింది. కొంగు నల్లబడింది. తల తెల్లబడింది.

మృత్యుంజయ బాబు గడ్డిలో కూలబడ్డాడు. శ్యామసుందర్ దాదా దండ వెనక దాచుకున్నాడు.

"ఈ బిళ్ళ ఎవులిది?"

"నాది."

"ఎందుకు కట్టినావు?"

"ఊఁ..."

"సరిగ్గా సెప్పు. నేదంటే ఇప్పుడే కత్తిపీట తెత్తాను."

"దాన్ని కొయ్యొద్దు కాసులమ్మా! అదంటే నాకిష్టం!"

మైకు పక్కనే ఉందని నాకు తెలీదు. స్టేషను దాకా మోగింది. తెలుగు ముక్క రాకపోయినా శ్యామసుందర్ దాదా చప్పట్లు కొట్టించాడు.

కాసులమ్మ నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మ! మా మావకి మాటొచ్చినాది! అల్లుడు అయ్యప్ప మాల ఏసుకున్నాడు. నలభై రోజులు నీసు ముట్టడు. ఆ కబురొచ్చి వారమైనాది."

"మరి కోస్తానన్నావు?"

"తెల్లారి లెగిత్తే బాతుతో కబుర్లాడతావు. నాకాడికొచ్చి 'ఊఁ' అంటావు. దాని పీక మీద కత్తెడితేనైనా నాతో నాలుగు మాటలాడతావని సూసినాను. నువ్వు పోయి దానికి పాలీసు రాసినావు!"

నేను తల దించుకున్నాను. మృత్యుంజయ బాబు తన పుస్తకంలో కొత్త పక్షి అని రాసుకున్నది కొట్టేశాడు. ఆ చప్పుడు నాకు వినపడింది.

మధ్యాహ్నం అల్లుడు అరటికాయ కూరతో భోంచేసి పడుకున్నాడు. కాసులమ్మ నా ఎదురుగా పీట వేసుక్కూర్చుంది.

"బాతు బతికినాది. ఇంక నాతో మాటాడు."

చాలాసేపు ఆలోచించాను. గొంతు సవరించుకున్నాను.

"ఫోర్‌మన్ మేత తిన్నాడా?"

కాసులమ్మ కత్తిపీట కోసం లేచింది. బాతు కదల్లేదు. నేనే పరిగెత్తాను.