బాయిలర్ పక్కన బ్యాటరీ

ఆ రోజు ఉదయం డ్రైవరత్త పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. టీ తాగి పికప్ బ్యాటరీ విప్పాలి. దాన్ని వెచ్చటి చోట పెట్టి, బజారుకు వెళ్ళి పల్చటి ఆయిలూ, డీజిల్ ఫిల్టరూ తేవాలి. మధ్యాహ్నం భోజనం వేళకల్లా రెండూ మార్చేసి చేతులు కడుక్కోవాలి. ఇందులో హోటళ్ళు, పోలీసులు, మూడో అంతస్తులో దిగిన పెద్దమనిషి ఎక్కడా లేరు.

వీధిలో అందరూ ఆవిడను డ్రైవరత్త అనే పిలుస్తారు. వయసు అరవై రెండు. ఇంటి వెనక షెడ్డులో ఆవిడ భర్త లాండ్రీ నడుపుతాడు. ఆయన ఉతికిన దుప్పట్లను తెల్లారేసరికి హోటళ్ళకూ ఆసుపత్రికీ చేర్చేది ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా అదే డీజిల్ పికప్, అదే సీటు. చలి ముదిరాక ఆ బండికి మొండితనం పట్టుకుంది. గత వారం మూడు రోజులు దగ్గి, మూలిగి, కదలకుండా కూర్చుంది. నలుగురు మనుషులు వీధి చివరిదాకా తోస్తే గానీ లేవలేదు.

ఆ రోజు పొద్దున్నే కొడుకు అదను చూసి మాట కదిపాడు. అతనికి ఆఫీసులో ఉద్యోగం, ఇంటి ముందు కొత్త పెట్రోలు కారు ఉన్నాయి. కొనేవాడు దొరికాడు గనుక పికప్ అమ్మేద్దామనీ, దుప్పట్లు చేరవేయడానికి అద్దె వ్యాను మాట్లాడదామనీ అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో అని కూడా అన్నాడు. ఇంట్లో కూర్చోవడం అన్న మాట వింటే డ్రైవరత్తకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ అప్పటికప్పుడు పందెం కట్టింది.

"రేపు పొద్దున ఆరింటికి. నీ కొనేవాణ్ణి కూడా పిలువు. తాళం ఒక్కసారే తిప్పుతా. లేచిందా, అమ్మకం మాట మళ్ళీ ఎత్తకూడదు. లేవలేదా, తాళం నీ చేతిలో పెట్టేస్తా."

"రేపు ఇవాళ్టికన్నా చలి ఎక్కువటమ్మా."

"అయితే చలికి చెప్పు, నేను వస్తున్నానని."

ముందుగా మెకానిక్‌కు ఫోన్ చేసింది. అతను బండి అమ్మేయమని సలహా ఇచ్చాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి, మళ్ళీ చేసి, ఈసారి అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమంది. చలికి బ్యాటరీ బలం సగానికి పడిపోతుందనీ, అందుకే దాన్ని విప్పి ఇంట్లో ఉంచాలనీ చెప్పాడు. ఆయిల్ పాకంలా చిక్కబడుతుంది గనుక చలికాలానికి వాడే పల్చటి రకం పొయ్యాలట. ఫిల్టర్లో చేరిన నీళ్ళు గడ్డకడితే ఎంజిన్‌కు డీజిల్ అందదట. హీటర్ ప్లగ్గులు వేడెక్కి డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఆరేదాకా తాళం పూర్తిగా తిప్పకూడదట. ఆవిడ ఇదంతా లాండ్రీ చీటీ వెనక రాసుకుంది.

ఆ ఇంట్లో బాయిలర్ పక్కన ఉన్నంత వెచ్చదనం ఇంకెక్కడా ఉండదు. అది ఇస్త్రీ షెడ్డులో ఉంది. అక్కడి నేల ఎప్పుడూ తడే. అందుకని డ్రైవరత్త బ్యాటరీని తెల్లటి డబుల్ దుప్పటిలో చుట్టి, నాలుగు మూలలూ గట్టిగా ముడివేసి, బాయిలర్ పక్కన బల్ల మీద నిలబెట్టింది. తన పనితనానికి తానే మురిసిపోయి బజారుకు వెళ్ళింది.

ఆ లాండ్రీలో ఒక కట్టుబాటు ఉంది. నాలుగు మూలలూ ముడివేసి బల్ల మీద ఉన్నదేదైనా సరే, సిద్ధమైన సరుకు కింద లెక్క. ఇస్త్రీ మేస్త్రి ఇరవై ఏళ్ళుగా ఆ కట్టుబాటు తప్పలేదు. ఒక్క మూటనైనా విప్పి చూడలేదు. పైగా ఇది స్వయంగా అమ్మగారు వేసిన ముడి. చలికి అతిథులు వణికిపోతున్నారనీ, పది రగ్గులు అర్జెంటుగా కావాలనీ గుట్ట మీది హోటల్ వాళ్ళు తమ వ్యాను పంపారు. మేస్త్రి బల్ల మీది మూటలు లెక్కపెడితే సరిగ్గా పది తేలాయి. పదోది ఎత్తేటప్పుడు నడుము పట్టేసింది. ఈ మధ్య రగ్గులు మరీ మందంగా నేస్తున్నారని గొణుక్కుంటూనే వ్యానులో పెట్టాడు.

డ్రైవరత్త తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బ్యాటరీ మాయమైతే లాభపడేది ఎవరు? ఆఫీసుకు ఫోన్ చేసి కొడుకును నిలదీసింది. తల్లి తనను దొంగను చేసిందని అతను ఉడికిపోయి, సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. పందెం గెలవాలనుకుంటే బ్యాటరీ దొంగిలించాల్సిన అగత్యం తనకు లేదనీ, ఆ బండి బ్యాటరీ ఉన్నా లేవదనీ అన్నాడు. వాడి మాటలోనూ నిజం ఉందని తండ్రి అన్నాడు. దాంతో అనుమానితులు ఇద్దరయ్యారు. ఇంత గొడవా జరుగుతుంటే మేస్త్రి తలవంచుకుని ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మూట చూశావా అని అడిగితే చెప్పేవాడే. బ్యాటరీ చూశావా అని అడిగారు. అతను ఏ బ్యాటరీనీ చూడలేదు.

సాయంత్రం నాలుగింటికి హోటల్ మేనేజరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. ముందు కుశలం అడిగి, ఆ తర్వాత విషయానికి వచ్చాడు.

"మీరు పంపిన రగ్గుల్లో ఒకటి కాస్త బరువుగా ఉందండి."

మూడో అంతస్తులో దిగిన పెద్దమనిషి చలి తట్టుకోలేక ఇంకో రగ్గు కావాలన్నారట. నౌకరు మోయలేక మోసి మంచం మీద పెట్టి వెళ్ళాడట. ఆయన ముడి విప్పి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చేశారట. ఇప్పుడు కింద హాల్లో కూర్చున్నారు, పైకి వెళ్ళనంటున్నారు. పోలీసులను పిలవమంటారా అని మేనేజరు అంతే మర్యాదగా అడిగాడు.

"అది మా బండి బ్యాటరీ. పడుకోబెట్టకండి, నిలబెట్టే ఉంచండి," అంది డ్రైవరత్త. "ఇంకా వెచ్చగానే ఉందా?"

వెళ్ళి తేవాలంటే నడిచే బండి కొడుకు కారొక్కటే. తల్లి క్షమాపణ చెబుతుందని అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ, తప్పు నాదే వెళ్ళి తీసుకురా అని ఒకే ఊపిరిలో అనేసి స్పానర్ అందుకుంది. అతను పళ్ళు నూరుకుంటూ వెళ్ళాడు. హోటల్లో మేనేజరు అతనిచేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. పెద్దమనిషి ఈ కాలపు కుర్రాళ్ళ బాధ్యతారాహిత్యం గురించి పావుగంట క్లాసు పీకారు. తనను ఓడించబోయే బ్యాటరీని ముందు సీట్లో నిలబెట్టి, బెల్టు బిగించి, గుంతల దగ్గర నెమ్మదిగా పోనిస్తూ అతనే ఇంటికి చేర్చాడు.

ఇంటి దగ్గర మరో ఘోరం జరిగిపోయింది. డ్రైవరత్త ఆయిలూ ఫిల్టరూ మార్చి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. భార్యకు తన మీద అనుమానం వచ్చిందని అప్పటికే కుమిలిపోతున్న భర్త, తాను ఎవరి పక్షమో చాటుకోవడానికి ఇదే సమయమనుకున్నాడు. నలభై ఏళ్ళ లాండ్రీ అనుభవం ఆయనకు ఒక్క నమ్మకాన్నిచ్చింది. వేడినీళ్ళతో ఉతికితే బాగుపడని వస్తువు లేదు. బాయిలర్ నుంచి రెండు బకెట్ల నీళ్ళు పట్టుకొచ్చి, సబ్బు పొడి చల్లి, బ్రష్షు పెట్టి ఎంజిన్‌ను శుభ్రంగా ఉతికేశాడు. డ్రైవరత్త బయటికి వచ్చేసరికి ఎంజిన్ తళతళలాడుతోంది, ఆవిర్లు కక్కుతోంది. ఆయన బ్రష్షు పట్టుకుని మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు.

గంటలో ఆ తడంతా మంచుగడ్డ అవుతుంది. డ్రైవరత్త ఆయన చేతిలోని బ్రష్షు లాక్కుంది.

"పొడి గుడ్డలు పట్రండి. ఉన్నవన్నీ."

బట్టలారబెట్టే వేడిగాలి యంత్రాన్ని షెడ్డులోంచి ఈడ్చుకొచ్చారు. మేస్త్రి తువ్వాళ్ళు ఇస్త్రీపెట్టెతో వేడిచేసి అందిస్తుంటే, మొగుడూ పెళ్ళాలు నడుము దాకా బానెట్ లోపలికి వంగి సందుసందునా ఒత్తి తుడిచారు. కొడుకు కారు దిగి, బ్యాటరీని రెండు చేతులా మోసుకొస్తూ ఆ దృశ్యం చూశాడు. తల్లి జుట్టునిండా సబ్బు నురగ. అతనికి కోపం పోయి జాలి కలిగింది.

"ఈ వయసులో ఇంత అవస్థ ఎందుకమ్మా నీకు?"

డ్రైవరత్త తల బయటికి తీయలేదు. "ఈ ఊరు కళ్ళు తెరవకముందే రోడ్డు మీదుండే మనిషిని నేను. ఆ సీట్లో కూర్చుంటే నాకు వయసు గుర్తుండదురా. నన్ను అందులోంచి దించాలంటే బండే దించాలి. నువ్వు కాదు."

కొడుకు బ్యాటరీ కింద పెట్టి, టార్చిలైటు తీసుకుని ఆవిడ చేతుల మీద వెలుతురు పడేలా పట్టుకున్నాడు. తుడవడం అయ్యాక బానెట్ మీద ఆరు పాత రగ్గులు కప్పారు. బ్యాటరీ మళ్ళీ బాయిలర్ దగ్గరికి చేరింది, ఈసారి ఏ దుప్పటీ చుట్టకుండా.

మర్నాడు పొద్దున ఆరింటికి బండి ముందు అద్దం నిండా మంచు పేరుకుంది. పాత బండ్లు కొనే వ్యాపారి మఫ్లరు చుట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. డ్రైవరత్త బ్యాటరీ బిగించి సీట్లో కూర్చుంది. తాళం సగం తిప్పింది. పసుపు దీపం వెలిగి, ఆరింది. ఆవిడ తాళం వెనక్కి తిప్పి, దీపాన్ని మళ్ళీ వెలిగించి ఆరనిచ్చింది. మూడోసారి కూడా అదే చేసింది. వ్యాపారి గడియారం చూసుకున్నాడు. భర్త కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు తాళం పూర్తిగా తిప్పింది.

ఎంజిన్ ఒక్కసారి మూలిగింది, దగ్గింది, అందుకుంది. తెల్లటి పొగ వ్యాపారి మఫ్లరు మీదుగా వీధిలోకి సాగింది. అటూ ఇటూ కిటికీలు తెరుచుకున్నాయి. డ్రైవరత్త స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఏడ్చేసింది. ఎవరైనా చూస్తున్నారా అన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.

"సరే అమ్మా, గెలిచావు. వీధంతా లేచింది, ఇక ఆపు," అన్నాడు కొడుకు.

ఆ పాత బండి తాళం తిప్పితే ఆగదు. డాష్‌బోర్డు కింద నల్లగుబ్బ ఒకటి ఉంటుంది, దాన్ని లాగితే కేబుల్ కదిలి డీజిల్ ఆగుతుంది. డ్రైవరత్త లాగింది. కదల్లేదు. భర్త లాగాడు. గుబ్బ ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. నిన్న ఉతికిన నీళ్ళు కేబుల్ గొట్టంలోకి దిగి, గుడ్డకు అందని చోట గడ్డకట్టాయి. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన గుబ్బ వైపు చూశాడు.

టాప్ గేరు వేసి, బ్రేకు తొక్కి క్లచ్ వదిలేస్తే చచ్చినట్టు ఆగుతుందని వ్యాపారి చెప్పాడు. అతను చెప్పింది నిజమే.

"లేపడానికి నిన్నంతా పట్టింది," అంది డ్రైవరత్త కళ్ళు తుడుచుకుంటూ. "ఆపడం పందెంలో లేదు."

ఆగని బండిని తాను కొననని చెప్పి వ్యాపారి వెళ్ళిపోయాడు. ఎంజిన్ నడుస్తుండగానే దుప్పట్లు ఎక్కించారు. కేబుల్ ఎప్పుడు కరిగితే అప్పుడు లాగడానికి భర్త పటకారు పట్టుకుని పక్క సీట్లో కూర్చోవాలని ఉత్తర్వు అయింది.

కొడుకు ఆఫీసుకు బయల్దేరి తన కారు తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్ళీ తిప్పాడు. టిక్కుమని కూడా అనలేదు. నిన్న బ్యాటరీ మోసుకొచ్చే హడావుడిలో తలుపును మడమతో తన్ని మూశాడు. అది సరిగ్గా పడలేదు. లోపలి దీపం తెల్లవార్లూ వెలిగి కారు బ్యాటరీని పీల్చేసింది. డ్రైవరత్త పికప్ కిటికీలోంచి అంతా చూసింది గానీ పల్లెత్తు మాట అనలేదు. అతనికి అదే ఎక్కువ బాధగా ఉంది.

"అమ్మా, నన్ను ఆఫీసు దగ్గర దింపుతావా?"

"ముందు హోటల్, తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత నువ్వు. ముందు సీటు ఖాళీ లేదు, వెనకెక్కు."

ఆసుపత్రి దగ్గర ఎండ పడి కేబుల్ కరిగింది, బండి ఆగింది. ఆవిడ మళ్ళీ తిప్పితే మళ్ళీ ఒక్క తిప్పుకే లేచింది. కొడుకు ఉతికిన దుప్పట్ల మధ్య వెచ్చగా కూర్చుని రెండు గంటలు ఆలస్యంగా ఆఫీసు చేరాడు. కారణం అడిగిన పై అధికారికి బండి స్టార్ట్ కాలేదని చెప్పాడు, ఎవరిదో మాత్రం చెప్పలేదు.