మా గేటూ, మా ఆవిడ టీ కణాలూ

గేటు దగ్గర ఆపి, ఫోటో తీసి, పుట్టుపూర్వోత్తరాలు తవ్వే వాచ్‌మన్‌ని తిట్టుకునేవాళ్ళంతా అజ్ఞానులు! రోజూ దండం పెట్టుకోవాల్సిన మనిషండీ అతను. ఎందుకంటారా? మీ ఒంట్లో ఉన్నదీ అతనే కనుక.

నేను మా అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీని. గాలిమాటలు చెప్పను. మా ఆవిడ కీళ్ళవాతానికి వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నదే చెబుతున్నాను.

రక్తంలో టీ కణాలని ఉంటాయట. కాపలా వాటి ఉద్యోగం. ఎంత పద్ధతో చూడండి! క్రిమి ఎదురుపడ్డా నేరుగా నమ్మవు. వేరే కణం ఆ క్రిమి ముక్కను పట్టుకొచ్చి చూపించాలి. అదీ చాలదు, 'ఇది నిజంగానే ప్రమాదం' అని రెండో సంకేతం ఇవ్వాలి. అప్పుడు గానీ కర్ర ఎత్తవు. ఎత్తాయా, ఒక్కటి వేలవుతుంది. పనయ్యాక కొన్ని మిగిలి, ఆ మొహాన్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటాయి.

వాటికి రెండు తనిఖీలైతే మనకు నాలుగైనా వద్దా? అందుకే యాప్ పెట్టించాను. వచ్చేది ఎవరైనా సరే ఫోటో, పేరు, పని, ఆపైన ఫ్లాట్‌వాళ్ళు ఫోనులో పచ్చ బటన్ నొక్కాలి. ఎర్రది నొక్కితే గంటసేపు ఆ ఫ్లాటుకి ఎంట్రీ బంద్! ఫలితం? ప్లంబర్ పైకి వెళ్ళేసరికి మూడో అంతస్తు నీళ్ళు రెండో అంతస్తుని పలకరించి వచ్చాయి. ఐదో అంతస్తువాళ్ళ అల్లుడు గేటు దగ్గరే అలిగి వెనక్కి పోయాడు. దొంగలంటారా? వాళ్ళు వెనక గోడ దూకుతారు, యాప్‌కి సంబంధం లేదు.

ఒక్క తేడా ఉంది, దాచను. టీ కణాలకు ఛాతీ ఎముక వెనక ఓ బడి ఉందట. సొంత ఒంటినే కొట్టబోయేవాటిని అక్కడే ఏరిపారేస్తారట. నూటికి ఐదు కూడా పాసవ్వవు. అయినా కొన్ని తప్పించుకుంటాయి. అలాంటివే మా ఆవిడ కీళ్ళను పరాయివనుకుని చితకబాదుతున్నాయి. ఆ రెండో సంకేతం వాటికి అందకుండా చేసే ఇంజెక్షన్‌ని నర్సమ్మ వారం వారం ఐసు పెట్టెలో తెస్తుంది.

ఇవాళ ఆమెకు ఎదురెళ్ళి నేను గేటు దాటాను. అదే నా బుద్ధితక్కువ. ఇద్దరం తిరిగొచ్చేసరికి గేటు మూసే ఉంది.

"సార్, మీకూ అప్రూవల్ కావాలి" అన్నాడు వాచ్‌మన్.

"తొమ్మిదేళ్ళ నుంచి నా మొహం చూస్తున్నావు కదయ్యా!"

"చూస్తే చాలదని మీరే రూలు రాయించారు కద్సార్."

మా ఫ్లాటు ఫోను మా ఆవిడ దగ్గరుంది. మోకాళ్ళు ఆమెను మెట్లు దిగనివ్వవు, వాచిన వేళ్ళు బటన్ నొక్కనివ్వవు. "ముక్కుతో నొక్కవే!" అని కిందినుంచి అరిచాను. నొక్కింది. ఎర్రది పడింది.

గంట బంద్. ఐసు అరగంటకు మించి ఆగదని నర్సమ్మ గోల. ఆమె ఇచ్చిన మందుల చీటీ వెనకే, గేటు బయట నిలబడి, ఇదంతా రాస్తున్నాను.

బాల్కనీలోంచి మా ఆవిడ కేకేసింది. "ఏమండోయ్! నా ఒంట్లోవాటికి ఇంజెక్షనుంది సరే. మీ గేటుకి ఎవరు పొడుస్తారు?"

రూలు మార్చాలంటే సంఘం మీటింగు పెట్టాలి. హాలేమో గేటు లోపలుంది. నర్సమ్మ పెట్టెలోంచి అప్పుడే నీళ్ళు కారుతున్నాయి.