మడత ఫోను నిలబడిన ఉదయం

హెడ్ క్లర్కు గారు మడత ఫోను కొని మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ భార్య ఒకే ప్రశ్న వేసింది. "మడిస్తే ఏమొస్తుందండీ?" ఆవిడ లెక్కల టీచరు. జవాబు రానిదే ప్రశ్న వదలదు.

ఆ ఉదయం జవాబు చూపించేద్దామని ఆయన నిశ్చయించుకున్నారు. పదిన్నరకు ఆఫీసరు మేడమ్ ముందు ఫైళ్ళ కొత్త పద్ధతి గురించి ప్రసంగించాలి. ఆఫీసులో ఎవరి ప్రసంగం నచ్చితే వారికే సెక్షన్ ఇన్‌చార్జి పదవి. ఆయన ప్రసంగమంతా ఫోనులోనే ఉంది. దాన్ని సగానికి మడిచి వంటగది గట్టుమీద నిలబెట్టి, చదువుకుంటూ టీ కలపసాగారు.

"చూశావా? ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది."

"గోడకి ఆనిస్తే నా ఫోనూ నిలబడుతుంది," అంది భార్య.

ఆ మాటకు ఆయన గిరుక్కున తిరిగేసరికి మోచెయ్యి తగిలి పంచదార డబ్బా ఒరిగింది. పలుకులు గరగరమంటూ ఫోను కీలులోకి జారాయి. ఆపైన అది మూసుకోనూ లేదు, తెరుచుకోనూ లేదు. తెర నల్లబడింది. ఆయన గాభరాగా భార్య ఫోను అందుకుని ఆఫీసులో టైపిస్టును పిలిచారు.

"కాస్త ఆలస్యమవుతుందమ్మా. మధ్యలో వంగి బిగుసుకుపోయింది. తిన్నగా రావడం లేదు."

"అయ్యో, ఎలా సార్?"

"కీల్లోకి షుగరు వెళ్ళింది."

"షుగరా? ఎప్పట్నుంచి సార్?"

"ఇప్పుడే, టీ పెడుతుంటే. గట్టిగా లాగితే విరుగుతుందేమోనని భయం."

ఇంతలో "నా బస్సు పోతుంది" అంటూ భార్య తన ఫోను లాక్కుని బడికి బయల్దేరింది.

టైపిస్టు విన్నది విన్నట్టే చెప్పింది. ఆ మాట రికార్డు గది దాటేసరికి నడుము విరిగింది. క్యాంటీన్ దాటేసరికి కాలు తీసెయ్యాలన్నారు. మేడమ్ చెవిన పడేసరికి, ప్రసంగించడం ఆయన చివరి కోరికైంది.

పదకొండింటికి మేడమ్, టైపిస్టు ఒక చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చారు. తలుపు తీసే ఉంది. ఆయన గట్టుమీదకు సగానికి వంగి, పళ్ళు తోముకునే బ్రష్షుతో ఫోను కీలు తోముతున్నారు.

"కదలకండి," అన్నారు మేడమ్. "ఈ స్థితిలోనూ ప్రసంగం గురించే ఆలోచించారట. ఇన్‌చార్జి పదవి మీకే ఇద్దామనుకుంటున్నాను."

లేవబోయిన ఆయన ఆ ముక్క విని వంగినచోటే ఆగిపోయారు. "మీ దయ మేడమ్," అని మూలిగారు కూడా. కుర్చీలో కూర్చోబెడుతుంటే మరికాస్త వంగారు.

అప్పుడే, బస్సు తప్పిపోయి మరో బస్సు కోసం చూసి చూసి విసిగిన భార్య తిరిగొచ్చింది. "ఏమండీ, ఫోనులో పడ్డ షుగరు పోయిందా? అదేమిటి, మీరెందుకు వంగారు?"

టైపిస్టు ఫోనువంకా ఆయన నడుమువంకా చూసింది. రెండూ ఒకే కోణంలో ఉన్నాయి. ఏ వైద్యమూ లేకుండానే హెడ్ క్లర్కు గారు మెల్లగా కుర్చీలోంచి లేచి నిటారయ్యారు.

మేడమ్ ఖాళీ అయిన చక్రాల కుర్చీలో తానే కూర్చున్నారు. "సరే, ప్రసంగం చెప్పండి."

"అది ఫోనులో ఉంది మేడమ్."

"నాది ఇక్కడే ఉంది మేడమ్," అంటూ టైపిస్టు సంచిలోంచి కాగితం తీసి, ఆ వంటగదిలోనే చదివింది. సాయంత్రానికి ఇన్‌చార్జి పదవి ఆవిడకు ఖాయమైంది.

ఆ కాగితానికి ఎనిమిది మడతలున్నాయి, అన్నీ తెరుచుకున్నాయి.